పోరంబోకు రాయి

మా నాన్నకి నా మీద కోపం వచ్చిందంటే మొదట వచ్చే మాట "పోరంబోకు". సెలవులకి ఇంటికెళ్ళి, మిరప కోతల టైంలో చేలోకి రాకుండా ఫోన్ పట్టుకుని పడుకుంటే ఆ మాట. సబ్జెక్టు ఒకటి పోయిందని తెలిసిన రోజు కూడా ఆ మాటే. చాలా కాలం అది ఉత్త తిట్టనే అనుకున్నాను. ఒకసారి పొలం కాగితాల పని మీద ఆయనతో తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళినప్పుడు, అక్కడి రికార్డులో వరసగా కనిపించింది. చెరువు పోరంబోకు. వాగు పోరంబోకు. డొంక పోరంబోకు. అంటే శిస్తు లేని భూమి, ఎవరి పట్టాలోనూ లేని భూమి, ఊరందరి అవసరానికి వదిలిపెట్టిన భూమి. ఎవరి సొంతమూ కాదు కాబట్టి పనికిమాలినదని మన నోళ్ళు తీర్మానించేశాయి. అందరి సొంతం కాబట్టి జాగ్రత్తగా చూసుకోవాల్సిందని ఎందుకు తీర్మానించలేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఈ వ్యాసం అలాంటి ఒక పోరంబోకు స్థలంలో ఉన్న రాయి గురించి. ఆ రాయిని పాడుచేసింది నేనే. మనం క్యాంపులకెళ్ళి చేసే "సేవ" మీద నాకున్న అభిప్రాయం ఆ రాయి దగ్గరే పుట్టింది కాబట్టి, ముందు ఆ కథ చెప్పాలి.

మాది ప్రత్తిపాడు. కాకినాడ వైపుది కాదు, గుంటూరు ప్రత్తిపాడు. (హాస్టల్లో ప్రతి ఏడాదీ కొత్త జూనియర్లకి ఇది చెప్పాల్సి వస్తోంది.) నల్లరేగడి నేల, పత్తి, మిరప. పడమటి వైపు కొండవీడు కొండలు. సెకండియర్‌లో ఎన్నెస్సెస్ ప్రత్యేక శిబిరం మా వైపే ఒక ఊళ్ళో పడింది. ఊరి పేరు రాయను, తప్పు ఊరిది కాదు గనక. మా వైపు కాబట్టి నాకు కాస్త పెద్దరికం వచ్చింది. ఎక్కడ ఏం పని చెయ్యాలో నన్నే అడిగేవాళ్ళు.

ఐదో రోజు చెరువుకట్ట శుభ్రం చేసే పని. కట్ట దిగువన వేపచెట్టు కింద నడుమెత్తు బండ ఒకటి నిలబెట్టి ఉంది. పండగ పండక్కీ సున్నం కొట్టీ కొట్టీ అట్ట కట్టింది. మధ్యలో పసుపు, కుంకుమ. సున్నం పెచ్చులూడిన చోట మాత్రం అక్షరాల్లాంటి గీతలు కనిపించాయి. "ఒరేయ్, శాసనంరా!" అన్నాను. అందరికీ హుషారొచ్చింది. మొక్కలు నాటడం, ర్యాలీ తియ్యడం అన్ని బ్యాచ్‌లూ చేస్తాయి. శాసనం బయటపెట్టిన బ్యాచ్ మనదే అవుతుంది. ఊళ్ళోవాళ్ళని అడగాలని ఎవరికీ తోచలేదు.

వైరు బ్రష్షుతో గీకాం. పైపొర కొంచెం రాలింది, అక్షరాలు సరిగ్గా తేలలేదు. అప్పుడు ఐడియా వచ్చింది నాకే. కిరాణా కొట్టుకెళ్ళి బాత్‌రూములు కడిగే యాసిడ్ రెండు సీసాలు తెచ్చాను. పోశాం. బుస్సుమని నురగ. "చూడండ్రా, ఎన్నేళ్ళ మురికో ఎట్టా పొంగుతోందో" అన్నాడొకడు. నవ్వుకున్నాం. మళ్ళీ పోశాం, మళ్ళీ రుద్దాం, చెరువు నీళ్ళతో కడిగాం.

మర్నాడు పొద్దున రాయి తెల్లగా, స్నానం చేయించిన పిల్లాడిలా ఉంది. ఫొటోలు దిగాం. గేదెలు తోలుకుపోతున్న ఒక తాత ఆగాడు. "బాగా కడిగారయ్యా" అన్నాడు. దగ్గరికొచ్చి అరచెయ్యి పెట్టి తడిమాడు. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. "ఇక్కడ రాతలుండాలే అబ్బాయ్, చేతికి తగులుతుండేయి" అన్నాడు. కోప్పడలేదు. గేదెల వెనక వెళ్ళిపోయాడు.

నేను చెయ్యి పెట్టి చూశాను. కింద మూడు నాలుగు వరసలు గరుకుగా తగిలాయి. పైన అంతా నునుపు.

ఇప్పుడు కెమిస్ట్రీకి వద్దాం. తర్వాత ఆ ఫొటోలు జియాలజీ చెప్పే మాస్టారికి చూపిస్తే, అది మన పల్నాటి సున్నపురాయి అన్నారు. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది ఆ జాతి రాతి మీదే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాని మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోస్తే కార్బన్ డయాక్సైడ్ నురగలా పొంగుతుంది. ఇది టెన్త్‌లో చదివిందే, ల్యాబులో చేసి రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నదే. మేం చూసిన నురగ మురికి కాదు, రాయి. ఆపైన గోడకి కొట్టిన సున్నం కూడా గాలి తగిలి ఆరాక కాల్షియం కార్బొనేటే అవుతుంది. పైపూత, అసలు రాయి రెండూ ఒకే పదార్థం. యాసిడ్‌కి సున్నం ఎక్కడ అయిపోయిందో, శాసనం ఎక్కడ మొదలైందో తెలియదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కుంగదీసింది. పాత కట్టడాలని బాగుచేసేవాళ్ళు రాతికి పల్చటి సున్నప్పూత వెయ్యడం ఒక పద్ధతి. ఎండా వానా ముందు ఆ పూతని తింటాయి, రాయి బతుకుతుంది. అంటే ఊళ్ళోవాళ్ళు పండగ పండక్కీ కొట్టిన సున్నం ఆ అక్షరాలకి దుప్పటి. వాళ్ళు ఏమీ తెలియకుండానే కాపాడిన దాన్ని, బీటెక్ చదివే మేం ఒక్క పూటలో కరిగించాం. ఆ క్యాంపుకి మాకు సర్టిఫికెట్లు కూడా వచ్చాయి.

దీన్నుంచి నాకు తేలిందేమిటంటే, మన దగ్గర ఉత్సాహానికి లోటు లేదు. లోటంతా వరసలో ఉంది. ముందు తెలుసుకోవాలి, తర్వాత రాసిపెట్టాలి, ఆ తర్వాత అవసరమైతేనే చెయ్యి వెయ్యాలి. మనం చెయ్యి వెయ్యడంతో మొదలుపెట్టి, ఫొటోతో ముగిస్తున్నాం. నాటిన మొక్క చచ్చిపోతే వచ్చే ఏడు అదే గుంటలో ఇంకోటి నాటొచ్చు. పోయిన అక్షరానికి వచ్చే ఏడు ఉండదు.

ఎన్నెస్సెస్ 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాలతో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటలు పని, 7 రోజుల ప్రత్యేక శిబిరం. ఒక యూనిట్‌కి 100 మంది అనుకుంటే రెండేళ్ళకి 24,000 గంటలు. చిన్న లెక్క కాదు ఇది. మనం పెట్టుకునే బ్యాడ్జీ మీద ఒక చక్రం ఉంటుంది, గమనించారా? అది కోణార్క్ సూర్యదేవాలయం రథచక్రం. ఒక పాత రాతి కట్టడాన్ని గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాం. ఆ రోజు యాసిడ్ పోసినప్పుడు కూడా నా చొక్కాకి అది ఉంది.

మనవాళ్ళకి ఇది కొత్త కాదులే అని సర్దిచెప్పుకోవచ్చు. నిజంగానే కొత్త కాదు. మన ప్రాంతంలో ఇలాంటి కథలు పెద్ద పెద్దవే ఉన్నాయి, అందులో ఇంజనీర్ల పాత్ర రెండు వైపులా ఉంది. అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కడుతున్న రోజుల్లో, స్తూపం దిబ్బని తవ్వి రాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. కల్నల్ కాలిన్ మెకంజీ మొదటిసారి అక్కడికి వచ్చింది 1790ల చివర్లో. ఆయన మద్రాసు ఇంజనీర్ల దళంలోవాడు. మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేశారు, పలకలు చాలా పోయాయి. అప్పుడాయన తన మనుషుల చేత మిగిలిన శిల్పాలకి కొలతలు తీయించి బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్ళు కొన్ని ఆ తర్వాత ఎక్కడికి పోయాయో తెలియదు. బొమ్మలు మాత్రం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రాయి పోయినా కాగితం మిగిలింది.

భట్టిప్రోలు కథ ఇంకో రకం. మనకి దొరికిన అతి పాత బ్రాహ్మీ రాతల్లో కొన్ని అక్కడివే. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో రాతలున్న ధాతు కరండాలు బయటపడ్డాయి. కానీ అప్పటికే ఆ స్తూపం చాలా వరకు లేదు. పబ్లిక్ వర్క్స్ వాళ్ళు ఇటుకలూ పలకలూ రోడ్డు పనులకీ, కాలువ పనులకీ పట్టుకెళ్ళారు. సివిల్ బ్రాంచి మిత్రులారా, వాళ్ళు మన వృత్తివాళ్ళే. చెడ్డవాళ్ళు అనుకోను. దగ్గరలో మెటీరియల్ ఉంది, వాడారు. చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోకుండా పని మొదలుపెట్టారు, అంతే. నేను చేసిందీ అంతే.

మంచి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. నాగార్జునకొండ సంగతి ముందుగా చెప్పింది ఏ పెద్ద ఆఫీసరో కాదు. మాచర్ల వైపు బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య. ఆయన పాత స్తంభం చూసి అప్పటి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. 1926లో శాసన శాఖలో తెలుగు అసిస్టెంటుగా పనిచేసే ఎ.ఆర్. సరస్వతి వచ్చి చూసి, అదెంత పెద్దదో లోకానికి చెప్పారు. 1955 డిసెంబరు 10న సాగర్ డ్యాముకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలుసు. అందుకని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి, కొలిచి, రాసిపెట్టారు. కొన్ని కట్టడాల్ని విప్పి కొండమీదకీ, అనుపు దగ్గరకీ తీసుకొచ్చి మళ్ళీ కట్టారు. సాగర్ కుడి కాలువ నీళ్ళతో గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాలు తడుస్తున్నాయి. ఆ నీళ్ళ కోసం ఒక నగరాన్ని ముంచాం. ముంచే ముందు మాత్రం దాని వివరాలు రాసుకున్నాం. ఆ మర్యాద నేను ఒక్క రాయికి కూడా చెయ్యలేకపోయాను.

"ఇవన్నీ పెద్దవాళ్ళ పనులు, మనం స్టూడెంట్లం" అంటారా? మెకంజీ దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య పేరు వినండి. ఏలూరు కావలి సోదరుల్లో ఒకడు. పాత కన్నడ లిపి శాసనాలు చదివే దారి పట్టుకున్నవాడు. దేశం తిరిగి శాసనాలూ ఊళ్ళ చరిత్రలూ సేకరించినవాడు. 1803లో చనిపోయేనాటికి అతనికి ముప్పయ్యేళ్ళు కూడా లేవు. అంటే ఆ పనంతా మన వయసులోనూ, మనకన్నా నాలుగైదేళ్ళు పైబడిన వయసులోనూ చేసిందే. వాళ్ళు మొదలుపెట్టిన సేకరణలోంచే మన ఊళ్ళ కైఫియత్తులు వచ్చాయి.

రెండో అభ్యంతరం: "ఆర్కియాలజీ వాళ్ళున్నారు కదా, వాళ్ళ పని మనకెందుకు?" మన దేశంలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, స్థలాలు దాదాపు 3,700. ఊళ్ళు 6 లక్షల పైచిలుకు. రాష్ట్రాల జాబితాలు కలిపినా ఈ దూరం పూడదు. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది. చెరువుకట్ట కింద రాయికి ఏ బోర్డూ లేదు, ఏ కాపలాదారూ లేడు. దానికున్న రక్షణ ఊరి అలవాటు ఒక్కటే. రాజ్యాంగంలో 51ఎ అధికరణం 1976లో చేర్చారు. అందులో రెండు విధులు పక్కపక్కనే ఉన్నాయి: ఒకటి మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం, రెండోది అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణుల్ని కాపాడటం. ఇవి పౌరుల విధులు. డిపార్ట్‌మెంటుకి రాసినవి కావు.

ఆ రెండోదాంట్లో కూడా మన తొందర ఇలాగే పనిచేస్తుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చూసే ఉంటారు. ఊరి చెరువుల్లో పెరిగిన సర్కారు తుమ్మ చెట్ల మీద గూడబాతులు, కొంగలు వేలకొద్దీ వాలతాయి, గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళే వాటిని కాపాడుతూ వచ్చారు. చెట్లు చాలక ఇనుముతో చేసిన కృత్రిమ చెట్లు కూడా పాతారు. మన క్యాంపుల ఫేవరెట్ ఐటెం ఏమిటి? "చెరువులో సర్కారు తుమ్మ తొలగింపు." చాలా చోట్ల అది మంచి పనే. నీళ్ళు తాగేస్తుంది, పూడిక పెంచుతుంది. కానీ తప్పు చెరువులో, తప్పు నెలలో చేస్తే గూళ్ళు కూలతాయి. కోటగోడ మీద రావి మొలక కూడా అంతే. కొండవీడు లాంటి చోటికెళ్ళి గోడలో మొలిచిన చెట్టుని హీరోలా పీకుతాం. వేరు చుట్టుకున్న రాళ్ళు దాంతోపాటు ఊడొస్తాయి. దాన్ని పైకి కోసి, మొదలు మళ్ళీ చిగురించకుండా చూసి, ఎండాక, వదులైన రాళ్ళని సున్నంతో కూర్చాలి. సిమెంటు మెత్తితే ఇంకో తప్పు. అది పాత ఇటుక కన్నా గట్టిది, లోపలి చెమ్మని బయటికి పోనివ్వదు. చెమ్మతోపాటు ఉప్పు లోపలే పేరుకుని పక్కనున్న ఇటుక పొడిపొడి అవుతుంది. మనకి నాలుగేళ్ళు సిమెంటు పాఠాలు చెప్తారు, సున్నం గురించి ఒక్క గంట చెప్పరు. దేశంలో నిలబడి ఉన్న పాత కట్టడాల్లో చాలా సున్నంవే అయినా సరే.

బయటి దేశాల సంగతి ఒకటి చెప్తాను, గొప్పల కోసం కాదు, పోలిక కోసం. అమెరికాలో 1933లో పెద్ద మాంద్యం రోజుల్లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అని ఒకటి పెట్టింది. 1942 దాకా నడిచింది. దాదాపు 30 లక్షల మంది కుర్రాళ్ళు అందులో పనిచేశారు. ప్రభుత్వ అడవుల్లో, పార్కుల్లో దారులు వేశారు, 300 కోట్ల చెట్లు నాటారు. నెలకి 30 డాలర్లు ఇచ్చేవాళ్ళు, అందులో 25 ఇంటికి పంపాలి. కాలిఫోర్నియాలో లా పురిసిమా అనే పాత చర్చి శిథిలాలని వాళ్ళే తిరిగి కట్టారు. పాత పద్ధతిలోనే చేత్తో పచ్చి ఇటుకలు చేసి, నిపుణులు పక్కనుండగా, ఏళ్ళ తరబడి కట్టారు. అందులో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ప్రతి క్యాంపుకీ ఆ ప్రాంతపు పని తెలిసిన మనుషుల్ని, వడ్రంగుల్ని, మేస్త్రీల్ని జీతాలిచ్చి పెట్టుకునేవాళ్ళు. కుర్రాళ్ళకి పని నేర్పేది వాళ్ళే.

మన 7 రోజుల క్యాంపునీ దాన్నీ పక్కపక్కన పెట్టడం న్యాయం కాదని తెలుసు. మనకి జీతం లేదు, అంత టైమూ లేదు. మిడ్స్, ల్యాబ్ ఇంటర్నల్స్, థర్డియర్ వచ్చేసరికి ప్లేస్‌మెంట్స్ గోల. నేను కూడా అందులోనే కొట్టుకుంటున్నాను. ఎవరినీ త్యాగాలు చెయ్యమని అడగట్లేదు. ఉన్న 24,000 గంటల్ని వేరే వరసలో వాడమంటున్నాను. నా ప్రతిపాదనలు ఇవి:

1. ఒక్క ఊరు, నాలుగేళ్ళు. ఏడాదికో కొత్త ఊరు మార్చడం మానేద్దాం. ఒక బ్యాచ్ పని పక్క బ్యాచ్‌కి అందాలి. ఇప్పుడు మనం ఇచ్చిపోతున్నది బ్యానర్ ఒక్కటే.

2. మొదటి ఏడాది దేనికీ చెయ్యి తగలకూడదు. పాత రాయి, గుడి, బావి, చెరువు, పెద్ద చెట్టు, అన్నిటికీ ఫొటో, కొలత, లొకేషన్. శాసనాన్ని మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే ఏమీ కనపడదు. సాయంత్రం ఏటవాలు ఎండలోనో, రాత్రి పక్కనుంచి టార్చి వేసో తియ్యాలి, నీడలు పడి అక్షరాలు లేస్తాయి. చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి పడేలా అరవై డెబ్బై ఫొటోలు తీస్తే, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో త్రీడీ మోడల్ వస్తుంది. సీఎస్‌ఈ వాళ్ళకి ఇది ఒక పూట పని. సివిల్ వాళ్ళ దగ్గర టోటల్ స్టేషన్ ఉంది. దుమ్ము పట్టి ఉంది, అది వేరే విషయం.

3. ఊరిని అడగాలి. ఆ రాయికి పసుపు పెట్టే అవ్వని, గేదెల తాతని, పూజారిని, పంచాయతీని. వాళ్ళు చెప్పింది రికార్డు చెయ్యాలి. వాళ్ళు వద్దంటే వద్దు. అది వాళ్ళ దేవుడు కూడా, మన ప్రాజెక్టు ఒక్కటే కాదు. తయారైన ఫైలు ఒక కాపీ పంచాయతీకి, ఒకటి పురావస్తు శాఖకి, ఒకటి మన లైబ్రరీకి.

4. సామాన్ల పెట్టె ముందే తనిఖీ చెయ్యాలి. మెత్తటి బ్రష్షు, మంచినీళ్ళు, చీపురు, టేపు, నోటుపుస్తకం ఉండొచ్చు. యాసిడ్, వైరు బ్రష్షు, గ్రైండరు, సిమెంటు, ఆయిల్ పెయింటు ఉండకూడదు. మరమ్మతు దాకా వస్తే, ఆ విషయం తెలిసిన అధికారి చెప్పాకే.

5. టీషర్టుల డబ్బుతో ఒక మేస్త్రీకి కూలి ఇద్దాం. సున్నం నానబెట్టి, గానుగ పట్టించి పనిచేసిన పాతకాలపు మేస్త్రీలు మా వైపు ఇంకా ఒకరో ఇద్దరో ఉన్నారు. వాళ్ళు పోతే ఆ పనీ పోతుంది. వాళ్ళ దగ్గర రెండు రోజులు కూర్చుంటే చాలు, మన సిలబస్‌లో లేని పేపరు ఒకటి పాసైనట్టు.

"ఇందులో పని ఏముంది, ఫొటోలేగా" అని ఒక ఫ్రెండ్ అన్నాడు. చెమట కారకపోతే సేవ కాదని మనకో నమ్మకం. పార పట్టుకుంటే సేవ, పెన్ను పట్టుకుంటే టైంపాస్. ఆ రోజు నేను చాలా చెమటోడ్చాను, బ్రష్షు పట్టుకుని రెండు గంటలు రుద్దాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆ రెండు గంటలు వేపచెట్టు కింద నిద్రపోయి ఉంటే దేశానికి ఎంతో మేలు చేసినవాణ్ణి అయ్యేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఇద్దరు జూనియర్లని తీసుకుని ఆ ఊరు మళ్ళీ వెళ్ళాను. ముందు పంచాయతీలో చెప్పాం, తర్వాత తాతని వెతుక్కుంటూ వెళ్ళాం. చేసింది చెప్పాను. "తెలీక చేశావులే" అన్నాడు. అదే కష్టంగా ఉంది, తెలియక చెయ్యలేదు కదా, టెన్త్ నుంచీ తెలుసు. రాత్రి టార్చీలు పట్టుకుని మిగిలిన వరసలు ఫొటో తీశాం. శాసనాలు చదవడం వచ్చిన ఒక పెద్దాయనకి పంపిస్తే, చివరి వరసలో ఒక్క మాట మాత్రం స్పష్టంగా ఉందన్నారు: ఆచంద్రార్కం. దానశాసనాల్లో మామూలుగా రాసే మాటే అట. సూర్యచంద్రులున్నంత వరకూ ఈ దానం నిలవాలని. ఏ దానమో, ఎవరిచ్చారో, ఏ చెరువుకో, ఏ గుడికో పైన రాసి ఉండాలి. పైన ఏమీ లేదు. పాత శాసన సంపుటాల్లో నాకు చేతనైనంత వెతికాను, ఈ రాయి నాకు కనపడలేదు.

తిరిగొస్తుంటే ఊళ్ళోవాళ్ళు ఆ రాయికి మళ్ళీ సున్నం కొట్టి కనిపించారు. ఈసారి నాకు సంతోషమేసింది.

నాకు ఇక్కడ మిగిలింది ఒక్క సెమిస్టరు. అందుకే ఇది సీనియర్ల కన్నా ఫస్టియర్, సెకండియర్ వాళ్ళ కోసం రాస్తున్నాను. వచ్చే క్యాంపుకి అదే ఊరు అడుగుదామని కొందరం అనుకుంటున్నాం. చెరువు, గుడి, బావి, డొంక, ఇంకా నాలుగు రాళ్ళు ఉన్నాయి, వాటి మీద ఏముందో ఎవరూ చూడలేదు. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్ళు క్లబ్బు రూముకి రండి. మా నాన్న మాటల్లో చెప్పాలంటే పోరంబోకులందరికీ ఆహ్వానం. సామాన్ల పెట్టె తనిఖీ చేసే పని మాత్రం నాకు వదిలెయ్యండి. యాసిడ్ సీసా ఎలా ఉంటుందో నాకు బాగా గుర్తు.